రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావుగారు

ఆంధ్రదేశమున బిరుదులచేతను, గ్రంథకర్తృత్వముచేతను, పదవులచేతను ప్రసిద్ధి గాంచినవారు పెక్కుమంది కలరు. కేవలమొక వరుసపేరుచేత రెండు తరముల పిల్లలకు పరిచితులైనవారు అరుదు. న్యాయపతి రాఘవరావుగారు అట్టివారు. వారి ముఖమును చూడనివారును, ఇంటిపేరు తెలియనివారును గూడ ‘రేడియో అన్నయ్య’ యన్న మాత్రమున గుర్తించుచుండిరి. వారి ధర్మపత్ని కామేశ్వరిగారు ‘రేడియో అక్కయ్య’. భార్యాభర్తలలో ఒకరు అన్నయ్య, వేరొకరు అక్కయ్య యగుట మన వరుసల లెక్కకు ఎట్లు పొసగునని పెద్దలు పరిహాసమాడవచ్చును. పిల్లలకు మాత్రము ఆ లెక్క ఎన్నడును తప్పలేదు.

ఈ వరుస ఎంపికలోనే వారి కళారహస్యము కొంత కలదు. ఇంగ్లండు దేశమున 1922లో పిల్లల రేడియో కార్యక్రమము ఆరంభమైనపుడు దానిని నడపినవారు ‘అంకుల్’, ‘ఆంటీ’ యను పేర్లతో పలికిరి. మనకు మామయ్య, బాబాయి, తాతయ్య మొదలగు పిలుపులకు కొదువ లేదు. ఐనను రాఘవరావుగారు అన్నయ్యగానే నిలిచిరి. తాతయ్య కథ చెప్పును, మామయ్య మిఠాయి తెచ్చును. తోడుగా అల్లరిచేయువాడు అన్నయ్య యొక్కడే. పెద్దవాడైనను పిల్లల పక్షమువాడు. ముప్పది దాటిన వయస్సున ధరించిన ఆ పాత్రను డెబ్బది దాటువరకు వారు విడువలేదు.

రాఘవరావుగారు 1905వ సంవత్సరము ఏప్రిల్ 13వ తేదీన బరంపురమున జన్మించిరి. అప్పటికి బరంపురము చెన్నపురి రాజధానిలోని గంజాము మండలమునకు చెందినది. 1936లో ఒరిస్సా రాష్ట్ర మేర్పడినపుడు దానిలో చేరినది. తెలుగుదేశపు ఉత్తరపు గడపయని చెప్పదగిన ఆ పట్టణము తెలుగువారి విద్యకును, నాటకములకును, వాదోపవాదములకును పేరుగన్నది. రాఘవరావుగారు పట్టభద్రులై, ఉపాధ్యాయ శిక్షణ పొంది కొంతకాలము బోధనవృత్తిలో నుండిరి. ఆ దినములలో బడియనగా బెత్తము, వల్లె, నిశ్శబ్దము. పిల్లవాడు నోరు తెరచుట అప్పగింతకు మాత్రమే. బడిలో మాటాడనీయని ఆ పిల్లలచేతనే తరువాతి కాలమున ఆకాశమార్గమున మాటాడింపవలసిన కార్యము వారికి సంప్రాప్తమైనది.

చెన్నపట్టణమున రేడియో పుట్టుక 1924 నాటిది. ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బు దానిని స్థాపించినది. ధనాభావమువలన అది సాగక, 1930లో నగర కార్పొరేషను వహించినది. 1938 జూన్ 16వ తేదీన ఆల్ ఇండియా రేడియో కేంద్రమైనది. తమిళమునకును తెలుగునకును ఒకటే కేంద్రము. విజయవాడ కేంద్రము 1948 డిసెంబరు 1వ తేదీ వరకు వెలయలేదు గనుక, పది సంవత్సరముల పర్యంతము కోస్తా తెలుగువారి వాణి యంతయు మదరాసునుండియే వెలువడవలసి వచ్చినది. అందు పిల్లలకు దక్కినది స్వల్పకాలము. ఆ స్వల్పకాలమును రాఘవరావు దంపతులు 1939 ప్రాంతమున చేపట్టి ‘ఆటవిడుపు’ అను కార్యక్రమముగా తీర్చిరి. పేరు చూడుడు. బడి నుండి విడుపు, ఆటకు విడుపు. ఒక ఉపాధ్యాయుడే ఆ పేరుతో వచ్చుట గమనింపదగినది.

రేడియోలో హాస్యము చెప్పుట ఎంత కష్టమో నాటకశాస్త్రము తెలిసినవారు ఊహింపగలరు. భరతుడు అభినయమును ఆంగికము, వాచికము, ఆహార్యము, సాత్త్వికము అని నాలుగు విధములుగ చెప్పెను. సంస్కృత నాటకములలోని విదూషకుడు రంగమునకు వచ్చుటతోడనే ప్రేక్షకులు నవ్వుదురు. వాని వంకరకర్ర, వికృతవేషము, తడబడు నడక సగము పని చేసిపెట్టును. రేడియో నటునికి ఆహార్యము లేదు, ఆంగికము లేదు. ముఖమే కనబడనిచోట సాత్త్వికమును గూడ గొంతులోనికే దింపవలెను. ఇక మిగిలినది వాచికమొక్కటే. పైగా సభ కనబడదు. హాస్యము పండినదో ఎండినదో తెలిసికొనుటకు చప్పట్లు వినరావు. ధృతరాష్ట్రునికి యుద్ధము వినిపించిన సంజయునకైన ఎదుట శ్రోత యొకడుండెను.

ఆ లోటును రాఘవరావుగారు పిల్లలచేతనే పూరించిరి. స్టూడియోలో మైకు చుట్టును పిల్లలను చేర్చి, వారితో పాడించి, ఆడించి, మాటాడించి, నవ్వించిరి. ఆనాటి కార్యక్రమములు చాలవరకు అప్పటికప్పుడు ప్రసారమగునవి. టేపుపై పట్టి, తప్పులు కోసివేసి, మరల వినిపించు సౌకర్యము తరువాతి కాలమున వచ్చినది. పిల్లవాడు దగ్గినను, పద్యము మధ్య ఆగినను, నవ్వాపుకొనలేకపోయినను అది యథాతథముగ దేశమునకు వినబడును. ఇట్టిచోట నిర్వాహకునకు కావలసినది గంభీరకంఠము గాదు, సమయస్ఫూర్తి. తడబడిన పిల్లవానిని క్షణములో ఆదుకొని, ఆ తడబాటునే ఒక చమత్కారముగ మలచి, వాని అభిమానము చెడకుండ ముందుకు నడపవలెను. వ్రాసి చదువు హాస్యమునకన్న ఇది కఠినతరము.

వారి కార్యక్రమములలో మొద్దబ్బాయి, పొట్టిబావ, చిట్టిమరదలు మొదలగు హాస్యపాత్రలు పిల్లలకు కంఠోపాఠములై యుండెను. వీనిలో మొద్దబ్బాయి విషయము కొంత విచారింపదగినది. మన సాహిత్యమున మందబుద్ధియైన బాలుడు క్రొత్తవాడు గాడు. పంచతంత్రమునకు మూలమే వాడు. అమరశక్తియను రాజునకు ముగ్గురు కుమారులు చదువెక్కనివారై యుండగా, విష్ణుశర్మ ఆరు నెలలలో వారిని నీతివేత్తలనుగ చేయుటకు కథలు చెప్పెను. ఆ కథలు లోకమంతయు వ్యాపించినవి. కాని ఆ రాజకుమారులు ఏమి పలికిరో, ఏమి అడిగిరో, ఏ కథకు నవ్విరో మనకు తెలియనే తెలియదు. గ్రంథమంతయు గురువు చెప్పుటయే. మొద్దువాడు వినవలెను, బాగుపడవలెను. అంతకు మించి వానికి పని లేదు.

రాఘవరావుగారి మొద్దబ్బాయికి నోరు కలదు. ఆ పేరుతో ఒక పాత్ర ఆకాశవాణిలో ప్రవేశించి మాటాడుటయే ఒక విప్లవము. చదువులో వెనుకబడిన పిల్లవానిని ఊరిలో ప్రతివారును మొద్దనియే పిలుతురు. బడిలో గోడకుర్చీ వేయింతురు. ఇంటిలో పక్కింటివానితో పోల్చుదురు. అట్టివాడు రేడియో వినుచు, తన పేరు గలవాడే అందరిని నవ్వించుచుండుటయు, అన్నయ్య వానిని చేరదీయుటయు విన్నపుడు వాని మనస్సు ఎట్లుండునో చెప్పనక్కరలేదు. భరతుడు హాస్యమును స్మితము మొదలు అతిహసితము వరకు ఆరు తెగలుగ విభజించి, మొదటి రెండును ఉత్తములకు, మధ్యమునందలి రెండును మధ్యములకు, చివరి రెండును అధములకు కేటాయించెను. ఆ విభజనలో నవ్వుయొక్క ప్రమాణమే కలదు. నవ్వబడువాని క్షేమమును గూర్చిన ప్రశంస లేదు. పిల్లల మధ్య పనిచేయువానికి ఆ రెండవ కొలతయే ముఖ్యము. కుంటివానిని, నత్తివానిని, నల్లనివానిని వెక్కిరించి నవ్వించుట సులభము. మన వీధిభాగవతములలోను, తరువాతి చలనచిత్రములలోను అట్టి హాస్యమునకు లోటు లేదు. పిల్లలు చుట్టును కూర్చుండగా ఆ సులభమార్గము తొక్కినవాడు వారి మధ్య ఎక్కువ కాలము అన్నయ్యగా నిలువజాలడు. రాఘవరావుగారు దాదాపు నలువదేండ్లు నిలిచిరి.

రేడియో మాట గాలిలో పుట్టి గాలిలో కలియును. దానిని నిలుపుటకు రెండుపనులు చేసిరి. మొదటిది 1940 ప్రాంతమున మదరాసున పిల్లల సంఘమును స్థాపించుట. అదియే ఆంధ్ర బాలానంద సంఘము. అందు పిల్లలు గుమిగూడి ఆటలు, పాటలు, నాటికలు నేర్చుకొనుచుండిరి. ప్రసారమునకు కావలసిన గొంతులు ఇక్కడ తయారగుచుండెను; ప్రసారము విని ఉత్సాహము పొందినవారు ఇక్కడకు చేరుచుండిరి. ఒకటి రెండవదానికి ఊట.

రెండవది ‘బాల’ మాసపత్రిక. 1945 ఆగస్టులో దానిని ఆరంభించిరి. యుద్ధము అప్పుడప్పుడే ముగియుచున్నది. కాగితపు కరువు తీరలేదు. చందమామ ఇంకను ఉదయింపలేదు. అది 1947 జూలైలో వెలువడినది. అంతకు రెండేండ్లకు ముందే పిల్లలకొరకు ప్రత్యేకముగ తెలుగున ఒక మాసపత్రికను నడపుటకు ఈ దంపతులు పూనుకొనుట సాహసమే. చందమామ పురాణములను, జానపదకథలను చక్కని బొమ్మలతో అందించి ఇల్లిల్లు చేరినది. దాని గొప్పతనము దానిది. ‘బాల’ దారి వేరు. అది రేడియో కార్యక్రమమునకు అచ్చురూపము వంటిది. పాట, పొడుపుకథ, హాస్యము, ఆట, ఉత్తరము అన్నియు కలగలిపి యుండెడివి. పిల్లలు స్వయముగ వ్రాసినవానిని గూడ అచ్చువేసిరి.

ఆ చివరిమాట సామాన్యమైనది గాదు. ముళ్ళపూడి వెంకటరమణగారి తొలికథ 1945లో ‘బాల’యందే వెలువడినది, అప్పటికి వారికి పదునాలుగేండ్లు. తరువాత బాపుగా లోకప్రసిద్ధి గాంచిన సత్తిరాజు లక్ష్మీనారాయణగారు బాల్యమున బొమ్మలు వేసినదియు ఇందే. 1956లో ఆంధ్రపత్రిక వారపత్రికలో బుడుగు అల్లరి మొదలైనపుడు తెలుగుదేశము విరగబడి నవ్వినది. పెద్దలను తన మాటలతో చిక్కులలో పెట్టు ఆ బాలుడు ఆకసమునుండి ఊడిపడలేదు. పిల్లవాడు మాటాడవచ్చును, వాని మాటలో లోకము తలక్రిందులుగ కనబడవచ్చును, అది వినదగినది అను నమ్మకము పదేండ్లకు ముందే ఈ దంపతుల ముంగిట మొలకెత్తినది. బుడుగునకు మొద్దబ్బాయి పెద్దన్నయని అన్న అతిశయోక్తి కాజాలదు.

పత్రికల జమాఖర్చు ఎన్నడును కర్తల ఉత్సాహమునకు లోబడదు. పిల్లల పత్రికకు చందా పెద్దలు కట్టవలెను. పెద్దలకు అది అనవసరపు వ్యయముగ తోచును. ‘బాల’ 1959 వరకు సాగి నిలిచిపోయినది. పదునాలుగేండ్లు నడచుటయే విశేషము.

ఇంతవరకు చెప్పినదంతయు మదరాసు వైపు కథ. ఇటు నైజాము సీమలోని పిల్లలకు ఆ ఆటవిడుపు ఎంత అందినదని ప్రశ్నించినచో జవాబు సంతోషకరముగ నుండదు. హైదరాబాదున దక్కను రేడియో 1935 నుండి ప్రభుత్వపక్షమున నడచినది. అది ప్రధానముగ ఉర్దూవాణి. తెలుగునకు దొరికిన సమయము స్వల్పము. పై తరగతుల చదువు ఉర్దూలో సాగెడిది. తెలుగు సభ జరుపుటకును, గ్రంథాలయము తెరచుటకును అనుమతుల చిక్కులుండెను. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసినది మొదలు, ఊరూర పుస్తకములు చేర్చుటయే ఒక ఉద్యమముగ నడువవలసి వచ్చినది. బోధను తాలూకాలోని బాలుడు తెలుగున నవ్వుటకు ఇంటిలో తాత చెప్పు కథయు, వాకిటిలోని తోలుబొమ్మలాటయు తప్ప వేరు సాధనము లేదు. బొమ్మలాటలోని కేతిగాడును, బంగారక్కయు వాని రేడియో.

1950 ఏప్రిల్ 1వ తేదీన దక్కను రేడియో ఆల్ ఇండియా రేడియోలో లీనమైనది. 1956 నవంబరులో ఆంధ్రప్రదేశ్ అవతరించినది. రాఘవరావు దంపతులు మదరాసు విడిచి హైదరాబాదు చేరిరి. ఏబదియేండ్ల వయస్సున, పదునెనిమిదేండ్లు పెంచిన తోటను విడిచి క్రొత్తనేల దున్నుట తేలిక గాదు. బాలానంద సంఘమునకు నారాయణగూడ నివాసమైనది. హైదరాబాదు కేంద్రమునుండి ‘బాలానందము’ ఆదివారముల మధ్యాహ్నము వినవచ్చుచుండెను. దాని ఆరంభగీతము వినబడుటతోడనే వీధిలో గోలీలాడు పిల్లలు ఇంటిలోనికి పరుగెత్తుట ఆనాటివారికి తెలిసిన దృశ్యమే.

నిజామాబాదు జిల్లా పల్లెలకు రేడియో మెల్లగ వచ్చినది. మొదట పంచాయతీ కచేరి అరుగుపై పెట్టిన పెట్టె. ఏ కొద్ది సంపన్నుల యిండ్లలోనో తీగ ఏరియలుతో కూడిన సెట్టు. దానికి పోస్టాఫీసులో ఏటేట రుసుము కట్టి లైసెన్సు పుస్తకముపై ముద్ర వేయించుకొనుట. తరువాత ట్రాన్సిస్టరు వచ్చి చెరకుతోటల గట్లపైకి గూడ పాకినది. 1931లో పూర్తియైన నిజాంసాగరు నీటితో చెరకు, వరి విరివిగ పండిన ఈ రుద్రూరు, వర్ని, బోధను ప్రాంతమున ఒక విశేషము కలదు. నీటి వెంట కృష్ణా గోదావరి మండలములనుండి రైతుకుటుంబములు వచ్చి క్యాంపులు కట్టుకొని స్థిరపడినవి. 1937లో బోధను శక్కరనగరమున ఆరంభమై 2015లో మూతపడిన చక్కెర కర్మాగారమునకు పలు భాషలవారు కొలువునకు వచ్చిరి. సరిహద్దున మరాఠీ. కనుక ఒకే బడిలో క్యాంపు పిల్లవాని తెలుగొకటి, ఊరిపిల్లవాని తెలుగొకటి. ఒకరి మాటకు ఒకరు నవ్వుట, ఎగతాళి చేయుట, దానిపై కొట్లాట సర్వసాధారణము.

ఇచ్చట అన్నయ్యగారి కార్యక్రమమును నిష్పక్షపాతముగ పరిశీలింపవలెను. బాలానందములో వినవచ్చిన తెలుగు చాలవరకు కోస్తా తెలుగు, పుస్తకపు తెలుగు. తెలంగాణపు పల్లెపిల్లవాని ఇంటిమాట అందు సమముగ కూర్చుండుటకు చాలకాలము పట్టినది. ఆ దోషము రాఘవరావుగారి యొక్కరిది గాదు. ఆ కాలపు రేడియో, బడి, పత్రిక అన్నియు అదే తెలుగును శిష్టమని తలచినవి. ఐనను దోషము దోషమే. మొద్దబ్బాయికి నోరిచ్చినవారు ఈ ప్రాంతపు పిల్లవాని నుడికారమునకు గూడ అంతే ధైర్యముతో మైకు నిచ్చియున్నచో ఎంత బాగుండెడిదో! ఆ లోపమును చెప్పుటవలన వారి కీర్తికి తక్కువ రాదు. ఎందుకనగా, మాటాడలేడని త్రోసివేయబడిన బాలుని మాటాడించుట యను కొలతను మనకిచ్చినవారు వారే. ఆ కొలతతోనే వారిని గూడ కొలుచుచున్నాము.

కామేశ్వరిగారిని వేరుగ పేర్కొనకపోవుట అన్యాయము. సాధారణముగ ఇట్టి జీవితచరిత్రలలో ధర్మపత్నికి చివర ఒక వాక్యము దక్కును. 1908లో జన్మించిన ఆమె రేడియోలోను, పత్రికలోను, సంఘములోను సగభాగము గాక సరిభాగము వహించిరి. మధ్యతరగతి స్త్రీలు పరపురుషుల యెదుట గొంతెత్తుటకు సంకోచించు దినములలో, ఆమె గొంతు ఇల్లిల్లును పలుకరించినది. హాస్యసంభాషణమునకు ఎదుటిమాట అందించువారు సరిగా లేనిచో చమత్కారమంతయు చప్పబడును. అన్నయ్య హాస్యము వెలుగుటకు అక్కయ్య అందింపు కారణమని రంగస్థలము తెలిసినవారెవ్వరైన ఒప్పుకొందురు. ఆ దంపతులకు సంతానము లేదు. ఆ లోటును ఎందరి పిల్లలతో నింపుకొనిరో లెక్కించుటకు ఏ దప్తరమును చాలదు.

1977 అక్టోబరులో హైదరాబాదున దూరదర్శను కేంద్రము ఆరంభమైనది. పిల్లల కన్నులు క్రమముగ తెరవైపు మళ్లినవి. అది రాఘవరావుగారు కన్నులార చూచిన మార్పు. 1980లో కామేశ్వరిగారు దివంగతులైరి. నలువదేండ్లకు పైగా జంటగా వినబడిన రెండు గొంతులలో ఒకటి ఆగినది. 1984 ఫిబ్రవరి 24వ తేదీన రాఘవరావుగారు తమ డెబ్బదితొమ్మిదవ యేట కీర్తిశేషులైరి.

హైదరాబాదు కేంద్రమున పిల్లల కార్యక్రమములను తరువాత తురగా జానకీరాణిగారు నిర్వహించిరి. ఆమెను గూడ పిల్లలు రేడియో అక్కయ్య యనియే పిలిచిరి. 2014లో ఆమెయు గతించిరి. ఆటవిడుపు నాటి ప్రసారములు గాలిలో కలిసిపోయినవి. ‘బాల’ పాత సంచికలు మాత్రము ఇటీవలి కాలమున కొన్ని సంపుటములుగ మరల అచ్చుపడినవి. వానిలో ఆనాటి పిల్లలు వ్రాసిన కథలును, పొడుపుకథలును, వారి పేర్లతోను ఊర్లతోను నేటికిని చదువుకొనవచ్చును.